126 ఏళ్లు కనిపించని నేలచుక్క

ఒక శనివారం సాయంత్రం నాలుగున్నరకి ఇన్‌స్టాలో స్టోరీ పెట్టా. రాత్రి పదకొండుకి తీసేశా. మధ్యలో ఉన్న ఆరున్నర గంటల్లో దాన్ని 212 మంది చూశారు. వాళ్లలో ఎవరైనా కారేసుకుని అక్కడికి వెళ్లారా లేదా అన్నది నాకిప్పటికీ తెలీదు. అనుమానం మాత్రం వదల్లేదు.

ఆ స్టోరీలో ఉన్నది నా సెల్ఫీ కాదు, బిర్యానీ ప్లేటూ కాదు. రోడ్డు పక్క మట్టిగట్టు మీద, ఎండుటాకుల మధ్య కూర్చున్న ఒక పుట్టగొడుగు. అరచేతి వెడల్పు కూడా లేదు. ఇంగ్లండ్‌లో అది అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేసుకున్నారు. తర్వాత అదే మళ్లీ కనపడింది. నేను దాని ఫొటో తీసి, కింద ఊరి పేరు ట్యాగ్ చేసి, మూడు స్టార్ ఎమోజీలు పెట్టి వదిలా.

మొదట్నుంచీ చెప్తా.

నాది పాల్వంచ. కిందటి సెప్టెంబర్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో మాస్టర్స్ చెయ్యడానికి ఇంగ్లండ్‌లోని నార్విచ్ వచ్చా. (రాసేది నార్విచ్, ఇక్కడివాళ్లు పలికేది నారిచ్. మొదటి వారం బస్ డ్రైవర్‌కి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.) వారానికి 20 గంటలు గోడౌన్‌లో పని, మిగతా టైమంతా క్లాసులు, వంట, నిద్ర. ఇంగ్లండ్ అంటే నాకు తెలిసింది అంతే. అలాంటప్పుడు డిపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డులో ఒక కాగితం కనిపించింది. ‘శనివారం పుట్టగొడుగుల నడక. ఫ్రీ. కారులో తీసుకెళ్తాం. టీ మాదే.’ నిజం చెప్పొద్దూ, నేను వెళ్లింది పుట్టగొడుగుల కోసం కాదు. కారు, టీ, రెండూ ఫ్రీ అన్నందుకు.

వెళ్లాక చూస్తే పదకొండు మంది. అరవై దాటనివాళ్లం ఇద్దరమే, నేనూ ఇంకో కుర్రాడూ. మిగతావాళ్లందరి మెడలో భూతద్దాలు, చేతిలో వెదురుబుట్టలు. మమ్మల్ని నడిపించింది డెబ్బై దాటిన ఒకావిడ. రిటైరైన టీచరట. ఆవిడ పేరు ఇక్కడ రాయను. మేం వెళ్లిన ఊరి పేరూ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

సఫోక్ జిల్లాలో ఒక సన్నటి పల్లె రోడ్డు. రెండు పక్కలా నడుం ఎత్తు ఇసుక గట్లు, వాటి మీద కంచెలా పెంచిన చెట్లు. ముట్టుకుంటే చెయ్యి మండే నెటిల్ మొక్కలు, ఐవీ తీగలు, ఎవరో విసిరేసిన చిప్స్ ప్యాకెట్. అడవి కాదు, పార్కూ కాదు. మన దగ్గరైతే అలాంటి చోట ఎవరూ ఆగరు. ఆవిడ ఆగి, మోకాళ్ల కింద ప్లాస్టిక్ కవరు వేసుకుని కూర్చుంది. నన్ను చేత్తో పిలిచింది.

“అడుగు చూసుకుని వెయ్యి. నీ ఎడమ కాలి పక్కనే ఉంది.”

ముందు ఏమీ కనపడలేదు. ఎండుటాకుల రంగు, దాని రంగు ఒకటే. తర్వాత ఒక్కసారిగా కనిపించింది. గోధుమరంగు నక్షత్రం ఒకటి, రెక్కలు కిందికి వంచుకుని వాటి మీదే లేచి నిలబడినట్టుంది. మధ్యలో వెండి కాగితం చుట్టిన లడ్డూలాంటి చిన్న సంచి. ఆ సంచి పైన చిల్లులు. ఒకటి కాదు, పది దాకా. మిరియాల పొడి చల్లుకునే డబ్బా మూత ఎలా ఉంటుందో అచ్చం అలా. ఇంగ్లిష్‌లో దాని పేరు కూడా అదే, ‘పెప్పర్ పాట్ ఎర్త్‌స్టార్’. సైన్సు పేరు మైరియోస్టోమా కోలిఫార్మె. మైరియోస్టోమా అంటే గ్రీకులో లెక్కలేనన్ని నోళ్లున్నది. కోలిఫార్మె అంటే లాటిన్‌లో జల్లెడ ఆకారం. నీట్ రాసినవాళ్లకి వెంటనే ‘కోలిఫార్మ్ బ్యాక్టీరియా’ గుర్తొస్తుంది. నాకూ అదే వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడి ‘కోలి’ పెద్దపేగుది, ఇక్కడి ‘కోలి’ జల్లెడది.

ఎర్త్‌స్టార్‌ని తెలుగులో ఏమనాలి? నేలనక్షత్రం అనొచ్చు. కానీ మా అమ్మమ్మ నక్షత్రం అనదు, చుక్క అంటుంది. నేలచుక్క. నాకు ఇదే నచ్చింది. దీనికి బాగా సరిపోతుంది కూడా. ఎందుకంటే ఈ చుక్క పని మొదలయ్యేది దాని మీద ఇంకో చుక్క పడ్డాకే.

చుక్క మీద చుక్క

పుట్టగొడుగు అనగానే మనకి కాడ, గొడుగు గుర్తొస్తాయి. నేలచుక్కకి అవి ఉండవు. మొదట్లో అది మట్టిలో సగం మునిగిన చిన్న ఉల్లిగడ్డలా ఉంటుంది. దానికి రెండు తొడుగులు. బయటి తొడుగు మందం, లోపలిది పల్చన. పెరుగుతున్నకొద్దీ బయటి తొడుగు లోపలి పొర నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. బయటి పొర అంత సాగదు. దాంతో తొడుగు పైనుంచి చీలి, నారింజ తొక్క ఒలిచినట్టు విచ్చుకుంటుంది. ఆ చీలికలే నక్షత్రం రెక్కలు. అవి వెనక్కి వంగి నేలకి తన్నిపెట్టి, మధ్యలో ఉన్న సంచిని ఆకుల పైకి లేపుతాయి.

ఆ సంచి నిండా సిద్ధబీజాలు. అంటే దీని విత్తనాలనుకోండి, పిండి కన్నా మెత్తగా ఉంటాయి. సంచి పల్చటి తోలుబుడగ లాంటిది. పైనుంచి వానచుక్క పడితే సంచి నొక్కుకుని, చిల్లుల్లోంచి ‘ఫుస్’మని గోధుమరంగు పొగ వస్తుంది. ఆ పొగలో ఉన్నవి వేల సిద్ధబీజాలు. గాలి ఎటు ఉంటే అటు పోతాయి. చుక్క పడ్డ ప్రతిసారీ ఒక దమ్ము. బ్యాటరీ లేదు, మోటారు లేదు.

మామూలు నేలచుక్కలకి సంచి మీద ఒకటే నోరు ఉంటుంది. ఇంగ్లండ్‌లో వాటిలో కొన్ని బాగానే కనపడతాయి. ఇన్ని నోళ్లున్నది మాత్రం ఇదొక్కటే. సంచి కింద కూడా ఒక కాడ కాకుండా సన్నటి స్తంభాలు చాలా ఉంటాయి. పక్కనుంచి చూస్తే వెయ్యిస్తంభాల గుడి మండపం బొమ్మలా ఉంది. ఆవిడకి ఆ మాట చెప్తే వరంగల్ ఎక్కడని అడిగింది. మ్యాప్‌లో చూపించా.

ఇది చెట్టుకి ఏ హానీ చెయ్యదు. రాలిన ఆకులు, కుళ్లిన పుల్లలు తిని మట్టి చేస్తుంది. మనకి కనిపించే నక్షత్రం దాని కాయ మాత్రమే. అసలు ప్రాణి కింద ఉంటుంది, మట్టిలో అల్లుకున్న సన్నటి దారాల్లా. మైసీలియం అంటారు. మామిడికాయ కోస్తే చెట్టు చావదు కదా, ఇదీ అంతే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దీనికి కావాల్సింది నీళ్లు నిలవని ఇసుక నేల, కొంచెం నీడ, కదిలించని ఆకుల పొర. నార్ఫోక్, సఫోక్ జిల్లాల్లో ఇసుక నేలలు ఎక్కువ. బ్రిటన్‌లో వాన తక్కువ పడే ప్రాంతాల్లో ఇదొకటి. అందుకే పాత రికార్డుల్లో చాలావరకు ఈ వైపువే. అదీ దట్టమైన అడవిలో కాదు, రోడ్డు గట్ల మీద, కంచెల కింద, నెటిల్ మొక్కల మధ్య. దీని అదృష్టమూ దురదృష్టమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

పోయిందనుకున్నారు

దీని గురించి మొదట రాసింది శామ్యూల్ డూడీ అనే ఆయన. లండన్‌లో మందుల తయారీదారు, చెల్సీలోని ఔషధ తోట చూసుకునేవాడు. 1695లో కెంట్‌లో ఇది ఆయన కంట పడింది. మర్నాడు ఏడాది, 1696లో, జాన్ రే అనే వృక్షశాస్త్రవేత్త పుస్తకం రెండో కూర్పులో ఆ సంగతి అచ్చయింది. జల్లెడలా చిల్లులున్న పొడి పుట్టగొడుగు, కింద నక్షత్రం లాంటి తొడుగు అని లాటిన్‌లో ఒక్క వాక్యం. మూడొందల ఏళ్ల తర్వాత నేను ఫోన్ పట్టుకుని చూస్తున్నది సరిగ్గా అదే.

ఆ తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి కనపడుతూ వచ్చింది. 1880లో నార్ఫోక్‌లో చూశారు. ఆ తర్వాత లేదు. పదేళ్లు, యాభై ఏళ్లు, వందేళ్లు. రెండు ప్రపంచ యుద్ధాలయ్యాయి. పొలాలు పెద్దవి చెయ్యడానికి కంచెలు పీకేశారు, రోడ్లు వెడల్పు చేశారు. బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఇది అంతరించిందని రాసేశారు. 2006లో సఫోక్‌లో మళ్లీ దొరికింది.

126 ఏళ్లు అది ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోయి ఉండదు. పోలీసు రికార్డులో ‘తప్పిపోయిన వ్యక్తి’ అని ఉంటుంది, ఆ మనిషేమో పక్క వీధిలోనే టీ తాగుతుంటాడు. మట్టి కింద దారాలు కాయ కాయకుండా ఏళ్ల తరబడి ఉండగలవు. కాసినా చూసేవాళ్లు ఉండాలి, చూసినా గుర్తుపట్టాలి. పులి అయితే అడుగుజాడలుంటాయి, కెమెరా పెట్టొచ్చు. దీనికి ఒక రోడ్డు పక్కన సరైన నెలలో సరైన మనిషి మోకాళ్ల మీద కూర్చోవాలి.

నార్ఫోక్‌లోనే ఇంకోటి జరిగింది. 2000లో ఒక ఊరి రోడ్డు పక్క పైన్ చెట్ల కింద ఒక నేలచుక్క దొరికింది. చిన్న చిన్న మనుషులు చేతులు చాపి నిలబడ్డట్టుంటుంది. అది సైన్సుకే కొత్త జాతి అని డీఎన్ఏ పరీక్షలతో తేల్చి పేరు పెట్టేసరికి 2015 అయింది. దాని పేరు జియాస్ట్రమ్ బ్రిటానికమ్. ప్రపంచంలో అంత ఎక్కువగా మొక్కల్నీ శిలీంధ్రాల్నీ వెతికిన దేశం ఇంకోటి ఉండదేమో. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో ఎండబెట్టిన శిలీంధ్రాల నమూనాలే 12 లక్షలకి పైగా ఉన్నాయి. అలాంటి దేశంలో రోడ్డు పక్కన ఉన్న జాతిని గుర్తించడానికి 2015 దాకా పట్టింది.

క్యూ శాస్త్రవేత్తల అంచనా ప్రకారం భూమ్మీద శిలీంధ్ర జాతులు 25 లక్షల దాకా ఉండొచ్చు. పేరు పెట్టినవి లక్షన్నర చిల్లర. ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ తెలుసు కదా, ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా. 2025 మార్చి నాటికి అందులో మొత్తం లక్షా 69 వేలకి పైగా జాతులున్నాయి. ఆ నెలలో కొత్తగా కలిపిన వాటితో కూడా అప్పటికి అందులో శిలీంధ్రాలు 1,300. వాటిలో 411 ప్రమాదంలో ఉన్నాయి.

‘పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’ అంటాం మనం. కోచింగ్ సెంటర్లకి, యూట్యూబ్ ఛానళ్లకి. ఆ మాట వింటే పుట్టగొడుగులకి కరువే లేదనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఆ సామెత వాడాలంటే నాకు నోరు రావడం లేదు.

ఆ స్టోరీ సంగతి

ఆ రోజు గట్టు మీద మొత్తం నాలుగు నేలచుక్కలున్నాయి. బయల్దేరే ముందు ఆవిడ అందరికీ ఒకటే చెప్పింది, “ఫొటోలు తీసుకోండి. చోటు మాత్రం చెప్పొద్దు.” నేను విన్నా. తల కూడా ఊపా. కారులో ఇంటికొస్తూ ఫోన్‌లో వేలు దానంతటదే కదిలింది. ఫొటో, లొకేషన్, స్టార్ ఎమోజీలు. అలవాటు. రోజూ తిన్న దోశకి కూడా లొకేషన్ పెట్టే చెయ్యి ఇది.

రాత్రి పదకొండుకి మెసేజ్ వచ్చింది. మా గుంపులోని కుర్రాడు నా స్టోరీ చూసి ఆవిడకి చెప్పాడట. తిట్టలేదు. “ఫొటో చాలా బాగుంది. ఊరి పేరు తీసెయ్యగలవా? వెనకాల రోడ్డు బోర్డు కూడా కనపడుతోంది” అని రాసింది. బోర్డు ఉన్న సంగతే నాకు తెలీదు. చూస్తే నిజమే, మూలన తెల్లగా, పేరుతో సహా.

ఎందుకింత రహస్యం అనుకుంటారేమో, నేనూ అనుకున్నా. దీన్ని తినరు. మార్కెట్లో ధర లేదు. కానీ అరుదైన వస్తువు అంటే చాలు, అల్మారాలో పెట్టుకునే మనుషులుంటారు. ఎండాక కూడా నెలల తరబడి చెడిపోదు, షోకేసులో బాగుంటుంది. తీసుకెళ్లే ఉద్దేశం లేనివాళ్లు కూడా పదిమంది ఫొటోకి వచ్చి తొక్కితే మట్టి గట్టిపడుతుంది. ఇక్కడ అరుదైన జాతుల్ని రికార్డు చేసేటప్పుడు బయటికి చూపించే మ్యాప్‌లో చోటుని మసక చేసి, పది కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఉందన్నట్టు మాత్రమే పెడతారు. ఇంతమంది ఇంత జాగ్రత్త పడితే, నేను ఎమోజీలతో డప్పు కొట్టా.

మర్నాడు వీడియో కాల్‌లో అమ్మకి ఫొటో చూపించా.

“ఏందే అది, కుక్కగొడుగా? ముట్టుకున్నవా? చెయ్యి కడుక్కున్నవా?”

“తినేది కాదమ్మా. చాలా అరుదైంది. అది ఉన్న చోటు నేను అందరికీ చెప్పేశా, అదీ గొడవ.”

అమ్మ కాసేపు ఆలోచించింది. “మీ తాత కూడా గంతే. గొడుగులు మొలిచే పుట్ట ఎక్కడున్నదో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకపోయేది. తెల్లారేసరికి తువ్వాలలో మూటగట్టుకొచ్చేది. పుట్టని మాత్రం తవ్వనియ్యకపోయేది.”

తాత చెప్పని పుట్ట కథ నేను ఇరవై మూడేళ్లలో మొదటిసారి విన్నా.

రెండు వారాల తర్వాత ఆవిడతో కలిసి మళ్లీ వెళ్లా. నేనే అడిగా. గట్టు మీద మూడే ఉన్నాయి. నాలుగోది ఉన్న చోట ఆకులు పక్కకి జరిగి, గిన్నె అంత గుంట. అంచులు నున్నగా ఉన్నాయి. కత్తితో తవ్వినట్టు నాకనిపించింది. కుందేలు గోకినా అలాగే ఉంటుందని ఆవిడ అంది. నన్ను ఊరుకోబెట్టడానికి అందో, నిజంగానే అందో.

నేను సారీ చెప్పడం మొదలుపెట్టా. ఆవిడ ఆపేసి, వేలితో కొంచెం అవతలికి చూపించింది. గుంటకి రెండడుగుల దూరంలో గట్టు అంచు విరిగి ఉంది. టైరు గుర్తులు. ఎదురుగా వచ్చే బండికి దారివ్వడానికి ఏదో లారీ గట్టు ఎక్కింది.

“కాయ పోతే మళ్లీ ఏడాది కాస్తుంది. అది ఇంకో రెండడుగులు ఇటు ఎక్కి ఉంటే కాయడానికి ఏమీ మిగలదు.”

అప్పుడర్థమైంది నాకు. కాయ కోసేవాడి గురించి భయపడటం తేలిక, ఎందుకంటే వాడికి మొహం ఉంటుంది. అసలు భయం మొహం లేనివాటితో. గట్టు ఎక్కే లారీ. కాలవ పూడిక తీసి ఆ బురద గట్టు మీదే పోసే మిషను. పొలంలోంచి కొట్టుకొచ్చే ఎరువు, దాంతో బలిసి నేలంతా కప్పేసే ఐవీ. రోడ్డు మలుపు వెడల్పు చేస్తే మొత్తం గట్టే పోతుంది. ఇవేవీ ఎవరూ కక్షతో చేసేవి కావు. అక్కడ ఏదో ఉందని తెలియక చేసేవి. అంటే చోటు ఎవరికీ చెప్పకపోతే కూడా ప్రమాదమే. ఊరంతటికీ చెప్పకూడదు, రోడ్డు పనివాళ్లకి మాత్రం చెప్పి తీరాలి.

చట్టం లేదా అని అడిగా. ఉంది. 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద బ్రిటన్‌లో ప్రత్యేక రక్షణ ఉన్న పుట్టగొడుగులు నాలుగంటే నాలుగే. వాటిలో ఒకటైన శాండీ స్టిల్ట్ పఫ్‌బాల్ కూడా ఇలాంటి ఇసుక గట్ల మీదే మొలుస్తుంది. దానికి రక్షణ ఉంది, ఈ నేలచుక్కకి లేదు. యూరప్ స్థాయిలో 33 అరుదైన శిలీంధ్రాల్ని బెర్న్ ఒప్పందంలో చేర్చాలని శిలీంధ్ర నిపుణులు ప్రతిపాదించారు. ఆ 33లో ఇదీ ఉంది. ఆ ప్రతిపాదన నెగ్గలేదు. జంతువులకి జాబితా ఉంది, మొక్కలకి జాబితా ఉంది. శిలీంధ్రం రెండూ కాదు కాబట్టి మధ్యలో పడిపోతుంది. మన దేశంలోనూ అంతే. వన్యప్రాణి రక్షణ చట్టంలో జంతువులకి షెడ్యూళ్లున్నాయి, కొన్ని మొక్కలకీ ఉన్నాయి. పుట్టగొడుగు కోసం ఒక్క గీత లేదు.

పైగా దీనికి ఇంకో చిక్కు. మొన్నమొన్నటి దాకా ప్రపంచంలో ఎక్కడ చిల్లుల నేలచుక్క దొరికినా అంతా ఒకటే జాతి అనుకునేవాళ్లు. 2017లో డీఎన్ఏ చూసి, ఒకటి కాదు, చాలా జాతులున్నాయని తేల్చారు. దక్షిణార్ధగోళంలో ఉన్నవి వేరు, ఇది వేరు. ఒక్క మొక్కా పీకకుండానే అరుదైనది ఇంకా అరుదైపోయింది.

రాంచీ అమ్మాయి నవ్వింది

నా రూమ్మేట్‌ది రాంచీ. నా ఫొటోలు చూసి పడీపడీ నవ్వింది. “దీనికోసం ఏడుస్తున్నావా? మా ఇంట్లో కూర వండుతాం!”

నిజమే, జార్ఖండ్‌లో వానాకాలం వస్తే ‘రుగ్డా’ అమ్ముతారు. గోలీల్లాంటి గుండ్రటి పుట్టగొడుగులు, మటన్ మసాలాతో వండుతారట. ముదిరి విచ్చుకుంటే అవీ నక్షత్రాలే. కానీ చుట్టాలు కావు. రుగ్డా ఆస్ట్రియస్ అనే వేరే ప్రజాతి, చూడ్డానికి మాత్రమే పోలిక. అది సాల్ చెట్టు వేళ్లతో కలిసి బతుకుతుంది, చెట్టుకి ఖనిజాలిచ్చి చక్కెర తీసుకుంటుంది. సాల్ అడవి లేకపోతే రుగ్డా లేదు. షెడ్డు వేసి బటన్ మష్రూమ్‌లా పెంచడం కుదరదు. కాబట్టి కూరకి కూడా అడవి కావాలి. ఆ మాట నేను అనలేదు, రూమ్మేటే నవ్వు ఆపి అంది. వాళ్ల అమ్మమ్మ ఊరి దగ్గర ఇప్పుడు కిలో ఎంత పలుకుతుందో కూడా చెప్పింది, నేను నోరెళ్లబెట్టా.

మా తాత పుట్ట కూడా అంతే కదా అనిపించింది. మన పేరులోనే ఉంది, పుట్ట, దాని మీద గొడుగు. ఆ గొడుగుల్ని లోపల పెంచేవి చెదలు. చెదలు లేకుండా వాటిని పండించడం ఇప్పటికీ ఎవరి వల్లా కాలేదు. జేసీబీ వచ్చి పుట్టని చదును చేస్తే గొడుగు కూడా పోయినట్టే. తాత పుట్ట ఉన్న చోటు ఇప్పుడు ఏమైందో అమ్మని అడిగా. “వెంచర్ చేసిండ్రు” అంది.

టేపు, కర్ర, కాగితం

నార్ఫోక్, సఫోక్ జిల్లాల్లో ‘రోడ్‌సైడ్ నేచర్ రిజర్వ్’ అని ఒక పద్ధతి ఉంది. రోడ్డు అంచులో అరుదైన మొక్కో, పువ్వో ఉంటే ఆ ముక్కని గుర్తించి, రెండు చివర్లా గుంజలు పాతుతారు. ఇక్కడ ఎప్పుడు గడ్డి కొయ్యాలి, ఎప్పుడు కొయ్యకూడదు, మట్టి పోయకూడదు అని రోడ్డు పనివాళ్లకి రాసిస్తారు. ఫారెస్టు కాదు, ఫెన్సింగ్ కాదు. కొన్ని మీటర్ల గట్టుకి రెండు గుంజలు. మా గట్టుని కూడా ఆ జాబితాలో పెట్టమని ఆవిడ అర్జీ రాస్తోంది. కొలతలు కావాలి. ఆవిడ మోకాళ్లు అంతసేపు సహకరించవు.

డిసెంబర్‌లో రెండు శనివారాలు గోడౌన్ షిఫ్టు మార్చుకుని వెళ్లా. టేపు ఒక చివర నేను, ఇంకో చివర ఆ కుర్రాడు. గట్టు పొడవు, ఎత్తు, ఏ చెట్టు ఎక్కడ, టైరు గుర్తులు ఎక్కడిదాకా. ఐదు మీటర్లకొకసారి ఫొటో, ఈసారి ఫోన్‌లో లొకేషన్ ఆపేసి. చేతులకి నెటిల్ తగిలి రెండు రోజులు మండింది. ఎండిన ఆకుల్ని కదపకుండా నడవడం ఎలాగో నేర్చుకున్నా. పాదం పెట్టే ముందు వేళ్లతో వెతకాలి. మొత్తం కొలిస్తే గట్టు 34 మీటర్లు. మా కాలేజీ కారిడార్ ఇంతకన్నా పొడవు.

అర్జీ జనవరి మొదట్లో వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు. వసంతంలో ఆ రోడ్డు కాలవలు శుభ్రం చేస్తారట, ఆ లోపు వస్తే బాగుండని రోజూ మెయిల్ చూస్తున్నా. ఈ మధ్య ఉద్యోగాల అప్లికేషన్లకి కూడా అన్నిసార్లు మెయిల్ చూడలేదు.

కిందటి ఆదివారం ఒక్కదాన్నే బస్‌లో వెళ్లా. రెండు బస్సులు మారి, ఇరవై నిమిషాలు నడిచి. సన్నగా వాన. మూడూ ఉన్నాయి. ఒకదాని రెక్కలు ఎండి సగం విరిగాయి, సంచి మాత్రం నిండుగానే ఉంది. ఆవిడ చెప్పినట్టే ప్లాస్టిక్ కవరు వేసుకుని కూర్చున్నా. చెట్టు కొమ్మ మీద నీళ్లు పోగై, ఉండి ఉండి పెద్ద చుక్కలు రాలుతున్నాయి. ఒకటి పక్కన పడింది. ఇంకోటి ఆకు మీద. పన్నెండు దాకా లెక్కపెట్టా.

పదమూడోది సూటిగా సంచి మీద పడింది. గోధుమరంగు పొగ ఒక్క క్షణం లేచి, గట్టు మీదుగా పొలం వైపు పోయింది. ఫోన్ తీద్దామని జేబులో చెయ్యి పెట్టేసరికే అయిపోయింది. వేళ్లు తడిగా ఉన్నాయి, ఎలాగూ స్క్రీన్ పనిచేసేది కాదు. ఇంకో చుక్క కోసం అలాగే కూర్చున్నా. 4.10 బస్సు వెళ్లిపోయింది.